పాతింటి కంచెను స్నేహితుల సాయంతో మార్చుకోవడం ఎలా?

విశాఖపట్నంలో 30, 40 ఏళ్ల కిందట కట్టుకున్న సొంత ఇళ్లలో వీధివైపు ప్రహరీ గోడ ఉన్నా, పక్కలకూ పెరటికీ మాత్రం ముళ్ల తీగో, సరుగుడు కర్రల దడో, గోరింట కంచో ఉండడం ఇప్పటికీ కనిపిస్తుంది. ఇలాంటి కంచె ఒక్కసారిగా కూలిపోదు. ముందు స్తంభం నేలలోకి దిగిన చోట కర్రయితే కుళ్లుతుంది, ఇనుమైతే తుప్పు పడుతుంది. తరువాత తీగను స్తంభానికి బిగించిన కట్లు తెగుతాయి. తీగ వాలిపోవడం చివర జరిగేది, కాని మన కంటికి మొదట కనిపించేది అదే. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు ఈ క్రమాన్ని మరింత వేగవంతం చేస్తుంది. కాబట్టి కొత్త కంచెలో డబ్బూ శ్రద్ధా ఎక్కువగా పెట్టవలసిన చోట్లు స్తంభం పాదమూ, తీగ కట్టూ. ఈ రెండూ నిలిస్తే మధ్యలో ఉండే జాలీ సాదాసీదాదైనా చాలాకాలం పనిచేస్తుంది.

ఈ పనిని స్నేహితులతో కలిసి చేసుకోవచ్చు. అయితే ఒక్క ఆదివారంలో పాతది పీకి కొత్తది బిగించేద్దామనుకుంటే అది జరిగే పని కాదు, ఎందుకంటే కాంక్రీటు గట్టిపడకముందే జాలీని లాగి బిగిస్తే స్తంభాలు లోపలికి ఒరిగిపోతాయి. స్నేహితులను రెండు దఫాలుగా పిలవాలి. మొదటి దఫాలో పాత కంచె తొలగించి స్తంభాలు నిలబెట్టాలి, కనీసం రెండు వారాల విరామం తరువాత రెండో దఫాలో తీగలూ జాలీ బిగించాలి. ఈ మధ్యకాలంలో నీళ్లు పోసి తడపడం, సామగ్రి తెచ్చుకోవడం ఇంట్లోవాళ్ల బాధ్యత.

అనువైన కాలం

అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతపు వాయుగుండాల భయం ఉంటుంది, ఏప్రిల్ తరువాత ఎండకు మనుషులు నిలవలేరు. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి వరకు నేల పొడిగానూ గాలి చల్లగానూ ఉంటుంది, పైగా సంక్రాంతికి హైదరాబాదు, బెంగళూరుల నుంచి స్నేహితులు ఊరికి వస్తారు. పాత దడిలోని పుచ్చిన సరుగుడు కర్రలను ముందే తీసిపెడితే భోగి మంటకు పనికివస్తాయి. అయితే మేకులు పీకేయాలి, తారు గానీ వాడేసిన ఇంజన్ ఆయిలు గానీ పూసిన కర్రలను మంటలో వేయకూడదు, వాటి పొగ మంచిది కాదు. కనుమ నాడు మాత్రం ఎవరినీ పనికి పిలవకండి. ఆ రోజు కాకి కూడా కదలదంటారు, మీ స్నేహితులు అసలే కదలరు.

హద్దు తేల్చుకోవడం

పాత కంచె ఉన్నచోటే అసలు హద్దు ఉందని అనుకోవడానికి వీల్లేదు. గోరింట మొక్కలు పెరిగి లావెక్కుతూ ఏళ్ల తరబడి ఒక పక్కకు జరుగుతాయి, ఒరిగిన స్తంభాన్ని మళ్లీ పాతినవారు అనువుగా ఉన్నచోట పాతి ఉంటారు. దస్తావేజులోని షెడ్యూలు తీసి నాలుగు వైపుల హద్దులనూ కొలతలనూ చూడండి, లేఅవుట్ అయితే ప్లానులోని కొలతలతో సరిపోల్చి, హద్దు రాళ్లు మట్టిలో కూరుకుపోయి ఉంటే తవ్వి బయటపెట్టండి. కొలత కలవకపోతే వార్డు సచివాలయం ద్వారా గానీ మీసేవ ద్వారా గానీ సర్వేకు దరఖాస్తు చేసుకోవడం మేలు. అది తేలేవరకు పాత కంచెను కదిలించవద్దు, ఒకసారి తీసేశాక అది ఎక్కడ ఉండేదో చెప్పే ఆనవాలు ఉండదు. తీసే ముందు నాలుగు మూలల నుంచీ ఫొటోలు తీసి, ఇంటి గోడ నుంచి కంచెకు ఉన్న దూరాన్ని మూడు నాలుగు చోట్ల టేపుతో కొలిచి రాసి పెట్టుకోండి.

పక్కింటివారికి ఈ విషయం ఫోనులో కాక ఎదురుగా వెళ్లి చెప్పాలి. “బాబాయిగారూ, పండగ వెళ్లాక కంచె మారుద్దామనుకుంటున్నాం, హద్దు రాయి దగ్గరకు ఒకసారి మీరు కూడా వచ్చి చూడండి” అని పిలిచి, ఆయన ఎదుటే దారం కట్టి చూపించండి. గొయ్యి అడుగు వెడల్పున ఉంటుంది గనుక, ఖర్చు మీ ఒక్కరిదే అయితే స్తంభాల వరుస హద్దుకు 6 నుంచి 7 అంగుళాలు లోపలికి ఉండాలి, అప్పుడే కాంక్రీటు అవతలివారి స్థలంలోకి పోదు. ఇద్దరూ ఖర్చు పంచుకుని సరిగ్గా హద్దు మీదే వేసుకునేటట్లయితే ఆ మాట ఒక కాగితం మీద రాసుకుని ఇరువురూ సంతకాలు చేయడం వల్ల మీ పిల్లల తరానికి తగాదా ఉండదు.

పాత ఇళ్లలో ఇంకో సంగతి కూడా అడిగి తెలుసుకోవాలి. పాత కంచెలో చాలాచోట్ల ఒక సందు ఉంటుంది. కూర గిన్నెలు ఇచ్చిపుచ్చుకోవడానికీ, కరివేపాకు కోసం రావడానికీ రెండు ఇళ్ల ఆడవాళ్లూ వాడే దారి అది. కొత్త కంచెతో దాన్ని మూసేయాలా, అక్కడ రెండున్నర అడుగుల చిన్న గేటు పెట్టాలా అన్నది అమ్మనో అత్తనో అడగకుండా మీరు, మీ స్నేహితులు తేల్చేయకూడదు. గేటు పెట్టాలంటే దానికి రెండు వైపులా ఉండే స్తంభాలను మూలస్తంభాలంత బలంగా వేయాలి కాబట్టి ఈ నిర్ణయం లెక్క వేసేలోపే జరగాలి.

లెక్క, సామగ్రి

కంచె పొడవును 8 అడుగులతో భాగిస్తే ఖానాలు, అంటే రెండేసి స్తంభాల మధ్య భాగాలు, ఎన్నో వస్తాయి, స్తంభాలు ఖానాల కంటే ఒకటి ఎక్కువ. 120 అడుగుల కంచెకు 15 ఖానాలు, 16 స్తంభాలు అవుతాయి. వీటికి అదనంగా ప్రతి కొసకూ ఒక ఊతస్తంభం (కొస స్తంభం ఒరగకుండా ఏటవాలుగా ఆనించేది), మలుపు తిరిగే మూలకు రెండు, గేటు ఉంటే దాని రెండు వైపులా ఒక్కొక్కటి కావాలి.

స్తంభాల విషయంలో నా అభిప్రాయం ఇది. పాత కంచెకు రాతి స్తంభాలు ఉండి, అవి పగలకుండా ఉంటే వాటినే మళ్లీ వాడుకోండి. గట్టి నల్లరాయికి తుప్పు భయం లేదు, ఇప్పుడు అలాంటివి కొనాలంటే ఖరీదు ఎక్కువ. అవి లేకపోతే 4 అంగుళాల మందం, 7 అడుగుల పొడవు గల సిమెంటు స్తంభాలు తీసుకోండి. కొనేటప్పుడు స్తంభాన్ని అన్ని వైపులా తిప్పి చూడాలి. వెంట్రుకంత చీలిక ఉన్నా, లోపలి ఇనుప చువ్వ ఎక్కడైనా బయటకు తొంగిచూస్తున్నా దాన్ని పక్కన పెట్టేయండి, ఎందుకంటే ఆ చీలికలోంచి ఉప్పు తేమ లోపలికి చేరి చువ్వను తుప్పు పట్టిస్తుంది, తుప్పు ఉబ్బి పైన ఉన్న సిమెంటును పెచ్చులుగా ఊడదీస్తుంది. ఇనుప యాంగిళ్లు (L ఆకారపు కడ్డీలు) తేలికగా ఉంటాయి, పని త్వరగా సాగుతుంది, కాని సాగర్‌నగర్, రుషికొండ, లాసన్స్ బే కాలనీ వంటి తీరానికి దగ్గరి చోట్ల వాటిని నేను సిఫారసు చేయను.

జాలీకి గాల్వనైజ్డ్ (జింకు పూత ఉన్న) చైన్‌లింక్, అంటే తీగలను మెలికవేసి అల్లిన గళ్ల జాలీ, సరిపోతుంది. ఇనుము మీద ఉండే జింకు పూత తాను ముందు కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది గనుక పూత ఎంత మందంగా ఉంటే అంత మన్నిక. తీరానికి దగ్గరగా ఉన్నవారు దాని మీద పీవీసీ తొడుగు కూడా ఉన్న రకం తీసుకోవడం మంచిది. గేజీ సంఖ్య పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందన్న సంగతి గుర్తుంచుకోండి. 8 గేజీ సుమారు 4 మిల్లీమీటర్లు, 10 గేజీ సుమారు 3.25, 12 గేజీ సుమారు 2.65 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇంటి కంచెకు జాలీ 10 గేజీదీ, దాన్ని మోసే అడ్డతీగలు 8 గేజీవీ ఉంటే బాగుంటుంది. కట్లకు మేస్త్రీలు చువ్వలు కట్టడానికి వాడే నల్ల బైండింగ్ వైరు వాడవద్దు, మన గాలికి అది ఒకటి రెండు వానాకాలాల్లోనే పొడిపొడిగా రాలిపోతుంది. కట్టుతీగ కూడా గాల్వనైజ్డ్‌దే కావాలి. మొత్తం ఖర్చులో ఇది చాలా చిన్న భాగం, దీని మీద ఆదా చేసుకునేది ఏమీ ఉండదు.

కాంక్రీటుకు ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు ఇసుక, నాలుగు పాళ్లు 20 మిల్లీమీటర్ల కంకర. 50 కిలోల సిమెంటు బస్తా ఒకటి ఈ పాళ్లలో అడుగు వెడల్పు, అడుగు పొడవు, రెండడుగుల లోతు ఉన్న గోతులు మూడింటికి వస్తుంది. అంటే 16 స్తంభాలకు ఆరు బస్తాలు, ఊతలకు మరో రెండు. స్లాగ్ సిమెంటు దొరికితే అది తీసుకోండి. ఉక్కు కర్మాగారాల కొలిమి నుంచి వచ్చే స్లాగ్ కలిసిన ఈ సిమెంటు ఉప్పును మామూలు సిమెంటు కంటే బాగా తట్టుకుంటుంది, కాకపోతే బలం కాస్త నెమ్మదిగా వస్తుంది. ఇసుక నదిదైనా కావచ్చు, రాతిని పొడిచేసి తయారుచేసే రోబో ఇసుకైనా కావచ్చు. బీచి దగ్గరే ఉంది కదా అని సముద్రపు ఇసుక తెచ్చి కలపాలనే ఆలోచన మాత్రం ఎవరికీ రానివ్వకండి, అందులోని ఉప్పే చాలు స్తంభంలోని చువ్వలను పాడుచేయడానికి.

స్నేహితుల్లో ఎవరు ఏ పని చేయాలి

ఐదారుగురు ఉంటే చాలు. అంతకు మించితే సగం మంది నిలబడి సలహాలు చెబుతారు. 7 అడుగుల సిమెంటు స్తంభం ఒక్కొక్కటి 50 కిలోలకు పైగా బరువు ఉంటుంది, దాన్ని ఎప్పుడూ ఇద్దరు పట్టుకుని మోయాలి. వంగి బరువు ఎత్తడం అలవాటు లేనివారికి, నడుము నొప్పి ఉన్నవారికి దారం చూడడం, నీళ్లు అందించడం, కట్లు కట్టడం అప్పగించండి. దారం, నిలువు చూసే తూకపు గుండు దగ్గర మొదటి నుంచి చివరి వరకు ఒక్కరే ఉండాలి. ఆ మనిషి ఎంత చాదస్తుడైతే కంచె అంత తిన్నగా వస్తుంది.

గోతులు తవ్వే పనిని మాత్రం స్నేహితులకు పెట్టకపోవడమే న్యాయం. మధురవాడ, ఆరిలోవ వంటి కొండవాలు ప్రాంతాల్లో పైన జానెడు ఎర్రమట్టి, దాని కింద గునపం దిగని గట్టి నేల తగులుతుంది. రోజంతా కంప్యూటరు ముందు కూర్చునేవారి చేత అలాంటి నేలలో 16 గోతులు తవ్విస్తే రెండో ఆదివారం ఎవరూ రారు. ఆ పనికి కూలి ఇచ్చి అలవాటున్న ఇద్దరిని ముందురోజే పెట్టుకోండి. తీరం వైపు ఇసుక నేలల్లో తవ్వడం తేలికే గాని గొయ్యి అంచులు కూలిపోతాయి, అక్కడ అడుగున్నర వెడల్పు తీసుకోవాలి.

పని రోజుల్లో పొద్దున్నే మొదలుపెట్టి 11 గంటలకు ఆపి, ఎండ తగ్గాక మళ్లీ కొనసాగించండి. మధ్యలో చోడి (రాగి) అంబలో మజ్జిగో ఇస్తే టీల కంటే నయం. పని పూర్తయ్యేవరకు మందు మాట ఎత్తకూడదని ముందే చెప్పేయండి, చేతిలో ముళ్ల తీగ ఉన్నవారికి అది తగదు.

పాత కంచె తొలగింపు

ముందురోజు పొదలను పొడవాటి కర్రతో తట్టి, కాసేపు ఆగి, ఆ తరువాతే కొమ్మలు నరకడం మొదలుపెట్టాలి. ఏళ్ల తరబడి కదిలించని గోరింట పొదల్లోనూ, రాళ్ల కుప్పల కిందా పాములు, తేళ్లు, కందిరీగల గూళ్లు ఉండడం మామూలే. కంబాలకొండ అడవి చుట్టుపక్కల కాలనీల వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు. పాము కనిపిస్తే పని ఆపి పాములు పట్టేవారినో అటవీశాఖనో పిలవండి. ఎవరికైనా కాటు పడితే నాటు వైద్యం జోలికి పోకుండా, కాటు పడిన చోట కోయకుండా, గట్టిగా కట్టకుండా, ఆ మనిషిని కదలనీయకుండా 108కి ఫోను చేసి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) వంటి పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాలి.

అందరి కాళ్లకూ బూట్లు ఉండాలి, చేతులకు తోలు తొడుగులు ఉండాలి. తుప్పు పట్టిన తీగ గీసుకోవడం ఖాయం గనుక ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో ఒక్కొక్కరినీ ముందే అడగండి, పదేళ్లు దాటితే పనికి ముందే వేయించుకోవడం మంచిది.

ముళ్ల తీగ చూడడానికి వేలాడుతున్నట్టున్నా కొన్ని ఖానాల్లో ఇంకా బిగువుగానే ఉంటుంది. దాన్ని మధ్యలో కత్తిరిస్తే తెగిన కొస ఎగిరి ముఖానికి తగలవచ్చు. ముందు మధ్య స్తంభాల దగ్గరి కట్లన్నీ విప్పి తీగను వదులు చేయాలి. ఆ తరువాత కొస స్తంభం దగ్గర ఒకరు శ్రావణంతో తీగను గట్టిగా పట్టుకోగా, వేరొకరు పక్కకు నిలబడి స్తంభానికి ఆనించి కత్తిరించాలి. తీసిన తీగను నేల మీద ఈడ్చకుండా మూడడుగుల చుట్టలుగా చుడుతూ పోండి, పాత ఇనుము కొట్టువారు చుట్టలనైతే సులువుగా తీసుకుంటారు. రాతి స్తంభాల మొదట్లో ముందురోజు రాత్రి బాగా నీళ్లు పోసి, పొద్దున ఒక పక్క తవ్వి, అటూ ఇటూ ఊపి, గునపం కింద రాయి ఆనించి లేపితే విరగకుండా వస్తాయి.

పాత గోతులను మట్టితో దిమ్మిస కొట్టి పూడ్చేయాలి. కొత్త గోతులు వీలైనంతవరకు వాటి పక్కన రావాలి, వదులు మట్టిలో కొత్త స్తంభం నిలవదు. తవ్వే చోట కుళాయి గొట్టం, డ్రైనేజీ, కేబుళ్లు ఎటు వెళుతున్నాయో ఇంట్లోని పెద్దవాళ్లను అడగండి. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను తరువాత నగరంలో చాలా ప్రాంతాల్లో కరెంటు తీగలను భూమిలోకి మార్చారు, కాబట్టి వీధివైపు తవ్వేటప్పుడు అనుమానం ఉంటే 1912కి ఫోను చేసి విద్యుత్ సిబ్బందితో నిర్ధారించుకోండి.

స్తంభాలు నిలబెట్టడం

మొదట నాలుగు మూలల స్తంభాలు, తరువాత వాటి మధ్య దారం, ఆ దారం వెంట మిగిలినవి. మూల సరిగ్గా లంబకోణంలో ఉందో లేదో చూడడానికి ఒక దారం మీద 3 అడుగుల దగ్గర, మరో దారం మీద 4 అడుగుల దగ్గర గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య దూరం 5 అడుగులు వస్తే మూల సరిపోయినట్టు. స్థలమే వంకరగా ఉంటే ఈ లెక్క పక్కన పెట్టి హద్దు రాళ్లనే అనుసరించాలి.

7 అడుగుల స్తంభంలో 2 అడుగులు నేలలో ఉండాలి, పైన 5 అడుగులు మిగులుతుంది. స్తంభాన్ని గోతిలో దించి, రెండు పక్కల నుంచి గుండు వేసి నిలువు చూసి, చుట్టూ రాళ్లు దోపి కదలకుండా బిగించాక కాంక్రీటు పోయాలి. ఒక బస్తా సిమెంటుకు 25 లీటర్లకు మించి నీళ్లు వద్దు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. పలుచగా ఉంటే పోయడం సులువు గనుక స్నేహితులు నీళ్లు ఎక్కువ పోస్తూనే ఉంటారు, ఆ బకెట్టు మీ చేతిలో పెట్టుకోండి. పోసిన కాంక్రీటును కడ్డీతో బాగా పొడవాలి. పైభాగాన్ని నేలకు రెండు అంగుళాలు ఎత్తుగా తెచ్చి, స్తంభం నుంచి బయటకు వాలు ఇవ్వాలి. వాననీరు స్తంభం మొదట్లో నిలవకుండా చేసేది ఈ వాలే. వ్యాసం మొదట్లో చెప్పిన పాదం బలం చాలావరకు దీని మీదే ఆధారపడుతుంది.

కొండవాలు స్థలాల్లో నేల ఒరిగి ఉన్నా స్తంభం నిటారుగానే ఉండాలి. వాలు కొద్దిగా అయితే జాలీని దాని వెంటే దించవచ్చు, ఎక్కువైతే ఖానా ఖానాకు మెట్లుగా దించి, కింద మిగిలే సందులో రాళ్లు పేర్చుకోవాలి.

ఊతస్తంభాలను కొస స్తంభానికి మూడింట రెండు వంతుల ఎత్తులో ఆనించి, కంచె వరుస వెంట, ఏటవాలుగా పాతాలి. తీగ లాగే బలం వరుస వెంటే ఉంటుంది గనుక పక్కకు పెట్టిన ఊత పనికిరాదు. తరువాత పాదాల చుట్టూ గోనెసంచులు కప్పి పది రోజులపాటు పొద్దునా సాయంత్రం తడుపుతూ ఉండాలి.

రెండో దఫా: తీగ, జాలీ

ముందుగా పైన, మధ్యన, కింద మూడు అడ్డతీగలు కట్టాలి. ఒక కొసన గట్టిగా చుట్టి, రెండో కొసన కంటి బోల్టుతో (తలకు రింగు ఉన్న బోల్టు) గానీ టర్న్‌బకిల్‌తో (మర తిప్పి తీగను బిగించే కొక్కెం) గానీ బిగించాలి. మీటితే కంపించేంత బిగువు చాలు. కింది తీగకూ నేలకూ మధ్య రెండు అంగుళాలు వదిలితే కొండ మీది నుంచి వచ్చే వాననీరు చెత్తతో అడ్డుపడకుండా పోతుంది.

జాలీ చుట్టను నిలబెట్టి, మొదటి గళ్ల వరుసలో ఒక ఇనుప కడ్డీ దూర్చి, ఆ కడ్డీని కొస స్తంభానికి నాలుగు చోట్ల కట్టాలి. ఇద్దరు చుట్టను విప్పుతూ నడవాలి, మరొకరు వెనకాలే పై తీగకు తాత్కాలికంగా తగిలిస్తూ రావాలి. రెండో కొసన కూడా కడ్డీ దూర్చి, చైన్ పుల్లీతో (గొలుసు కప్పీతో) మెల్లగా లాగాలి. చేతులతో లాగితే ఎంతమంది ఉన్నా ఆరు నెలల్లో జాలీ పొట్ట వేస్తుంది. ఖానా మధ్యలో అరచేత్తో నెట్టి వదిలితే వెంటనే వెనక్కి వస్తే బిగువు సరిపోయినట్టే. రెండు చుట్టలను కలపడానికి కట్టుతీగలు అక్కర్లేదు. ఒక చుట్ట కొసన ఉన్న మెలిక తీగను తిప్పుతూ బయటకు తీసి, రెండు కొసలనూ పక్కపక్కన ఉంచి, దాన్నే మళ్లీ రెండింటి గళ్లలోంచి తిప్పుతూ దించితే అతుకు కనిపించదు.

చివరగా కట్లు వేయాలి. అడ్డతీగకు అడుగున్నరకొకటి, స్తంభానికి అడుగుకొకటి. కట్టు కొసలు మీ ఇంటివైపు ఉండేలా తిప్పి, కిందికి వంచి నొక్కేయండి, అవతలివారి పిల్లల చేతులకు గుచ్చుకోకూడదు.

కొందరు చాటు కోసం జాలీ మొత్తానికి ఆకుపచ్చ నెట్టు కడతారు. జాలీలోంచి గాలి పోతుంది కాబట్టి అది తుపానులో నిలుస్తుంది. నెట్టు కట్టగానే కంచె తెరచాపలాగా గాలిని పట్టుకుంటుంది, ఆ బలమంతా స్తంభాల పాదాల మీద పడుతుంది. హుద్‌హుద్ నాడు గంటకు 170 కిలోమీటర్లకు పైగా వీచిన గాలిలో రేకుల దడులు ఎగిరిపోవడానికి కారణం అదే. చాటు కావాలంటే కంచెకు లోపల అడుగు దూరంలో గోరింటో మందారమో నాటుకోండి. తీసేసిన పాత గోరింట నుంచి చేతిపొడవు కొమ్మలు కత్తిరించి తడి గుడ్డలో ఉంచితే కొత్తగా కొనవలసిన అవసరం కూడా ఉండదు. దొండపాదునైతే జాలీ మీదకు పాకనివ్వవచ్చు, గుమ్మడి, ఆనప తీగలను మాత్రం వద్దు, కాయల బరువుకు జాలీ సాగిపోతుంది.

ఏటా సెప్టెంబరులో, తుపానుల కాలానికి ముందు, ఒకసారి కంచె వెంట నడిచి తెగిన కట్లు మార్చి, తుప్పు కనిపించిన చోట గీకి జింకు పెయింటు పూసి, టర్న్‌బకిళ్లను ఒక చుట్టు బిగించండి. ఇందుకోసం మిగిలిన కట్టుతీగను పారేయకుండా పొడిచోట దాచుకోండి.